హద్దు దాటిన సరుకు, చేతికి రాని బాకీ
చిన్న వ్యాపారుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు వ్యాపారులు రాసినవే. వాటిని వరుసగా చదువుతూ పోతే ఒక సంగతి తేటతెల్లమయింది. సరుకు పంపేటప్పుడు మధ్యలో రాష్ట్రం హద్దు ఉందన్న మాటే తలచుకోనివారు, అవతలి ఊరి నుంచి బాకీ రాబట్టుకోవలసి వచ్చేసరికి ఆ హద్దునే చూసి వెనుకాడుతున్నారు. చట్టం తీరు ఇందుకు దాదాపు తలకిందులుగా ఉంది. పన్ను విషయంలో ఆ గీత చాలా గట్టిది. బాకీ వసూలు విషయంలో మాత్రం అది మీకు పెద్దగా అడ్డురాదు.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాకు స్టీలు సామాను దుకాణం ఉంది. చిన్న వ్యాపారులకు తక్కువ రేటు పన్ను ఉండే కాంపోజిషన్ పద్ధతిలో జీఎస్టీ కడుతున్నాము. మా బేరంలో సగానికి సగం పాతపట్నం, టెక్కలి వైపు నుంచి వచ్చేవారిదే. పెళ్ళి సారె సామాను కొనుక్కుని తామే పట్టుకెళ్ళేవారు కొందరయితే, అక్కడి దుకాణదారులు కొందరికి మేమే ఆటోలో వేసి పంపుతుంటాము. ఇటీవల అధికారులు మా బిల్లు పుస్తకాలు తిరగేసి, మీకు కాంపోజిషన్ వర్తించదంటూ నోటీసు ఇచ్చారు. మా తాతల నాటి నుంచి ఒకే బజారుగా ఉన్న ఊళ్ళ మధ్య అమ్మకం అంతర్రాష్ట్ర వ్యాపారం ఎలా అవుతుంది?

జవాబు: మీ బాధ అర్థం చేసుకోదగినదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ఊళ్ళన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కాని పన్ను చట్టం బజారు చరిత్రను చూడదు, సరుకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నదే చూస్తుంది. ఏడాదికి కోటిన్నర రూపాయల టర్నోవరు దాటని వ్యాపారి ఒక శాతం పన్నుతో సరిపెట్టుకొనే కాంపోజిషన్ పద్ధతికి ఉన్న ముఖ్యమైన షరతుల్లో ఒకటి, సరుకును ఇతర రాష్ట్రాలకు అమ్మరాదన్నది. ఇతర రాష్ట్రాల నుంచి కొనడానికి అడ్డు లేదు. మీరు విజయనగరం నుంచి సామాను తెప్పించుకోవడం తప్పు కాదు, పాతపట్నానికి పంపడమే చిక్కు.

మీ అమ్మకాలన్నింటినీ ఒకే గాటన కట్టవద్దు, వాటిని మూడు రకాలుగా విడదీసి చూడాలి. మీరు ఆటోలో పంపినవి నిస్సందేహంగా అంతర్రాష్ట్ర అమ్మకాలే. ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్టీ నంబరు ఉన్న దుకాణదారుడు తానే వచ్చి తన వాహనంలో తీసుకువెళ్ళినా పరిస్థితి దాదాపు అదే. సరుకును కదిలించింది అమ్మినవాడా కొన్నవాడా అన్నదానితో నిమిత్తం లేకుండా, ఆ కదలిక ఎక్కడ ముగిసిందో అదే సరఫరా స్థలమని, అంటే పన్ను లెక్కకు సరుకు చేరిన చోటని, అంతర్రాష్ట్ర అమ్మకాల పన్నుకు సంబంధించిన ఐజీఎస్టీ చట్టం 10వ సెక్షను చెబుతోంది. ఇక మూడో రకం, జీఎస్టీ నంబరు లేని మామూలు కొనుగోలుదారులకు కౌంటరు దగ్గర అమ్మినవి. వీటి విషయంలో 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒక చిన్న నిబంధనను చాలామంది వ్యాపారులు గమనించలేదు. కొనేవారికి నంబరు లేనప్పుడు బిల్లు మీద రాసిన చిరునామాయే సరఫరా స్థలం అవుతుంది. చిరునామా రాయకపోతే మీ దుకాణం ఉన్న చోటే సరఫరా స్థలం. అంతేకాదు, బిల్లు మీద రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చిరునామా రాసినట్టే లెక్క. అంటే ఎవరి బిల్లో గుర్తుండడానికని మీ గుమాస్తా పేరు పక్కన ‘పాతపట్నం, ఆంధ్ర’ అని రాసిన ప్రతి చోటా, ఆ కొనుగోలుదారు కౌంటరు దగ్గరే డబ్బిచ్చి సామాను పట్టుకెళ్ళినా సరే, మీ చేతులతో మీరే దాన్ని అంతర్రాష్ట్ర అమ్మకంగా నమోదు చేసుకున్నట్టయింది. నోటీసులో ఏయే బిల్లుల నంబర్లు ఉన్నాయో చూడండి. అందులో చాలా భాగం ఇలాంటివే అయి ఉండవచ్చునని నా అనుమానం.

అలాగని ఇప్పుడు పాత బిల్లు పుస్తకాలను దిద్దే పని మాత్రం చేయకండి. ఇప్పటివరకు వచ్చింది పన్ను తగాదా మాత్రమే, దిద్దుబాటు బయటపడితే అది మోసం అభియోగం అవుతుంది. మీకు వచ్చింది కాంపోజిషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమనే సీఎంపీ-05 నోటీసు అయితే, అందిన నాటి నుంచి పదిహేను రోజుల్లో సీఎంపీ-06 ఫారంలో జవాబు దాఖలు చేయాలి. ఆటోలో పంపినవి ఏవో, చిరునామా లేని కౌంటరు అమ్మకాలు ఏవో విడగొట్టి పట్టిక జత చేయండి. నిబంధన ఉల్లంఘించిన తేదీకి ముందు నుంచి కాంపోజిషన్‌ను రద్దు చేయడం కుదరదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018లోనే వివరణ ఇచ్చింది గనుక, ఆటోలో మొట్టమొదట సరుకు పంపిన తేదీని ఆధారంతో చూపించడం మీకే మంచిది.

ఆ తేదీ నుంచి మామూలు రేటు పన్ను, దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ తప్పకపోవచ్చు. మోసపూరిత ఉద్దేశం లేని కేసుల్లో, 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి వర్తించే జీఎస్టీ చట్టం 74ఏ సెక్షను ప్రకారం పన్ను డిమాండు నోటీసు వచ్చిన అరవై రోజుల్లో పన్నూ వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు. మామూలు పద్ధతిలోకి మారిన వెంటనే చేయవలసిన పని మరొకటి ఉంది. ఆ రోజు దుకాణంలో ఉన్న నిల్వ సరుకు మీద మీరు కొన్నప్పుడు కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తెచ్చుకోవచ్చు, అంటే ఇకపై కట్టవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు. అందుకు ఐటీసీ-01 ఫారం ముప్పై రోజుల్లో వేయాలి, కొనుగోలు బిల్లుల వయసు ఏడాది దాటకూడదు. ఈ గడువు జారవిడుచుకుని వేలల్లో పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

ఇకముందు ఏం చేయాలన్నది మీ నిర్ణయం. అయితే సగం బేరం అవతలి రాష్ట్రానిదే అయినప్పుడు కాంపోజిషన్‌ను పట్టుకుని వేలాడడంలో లాభం కనిపించదు. మీ బిల్లు మీద అక్కడి దుకాణదారుకు క్రెడిట్ రాదు కాబట్టి, అతడు మెల్లగా మరో చోటికి పోతాడు.

ప్రశ్న: బరంపురంలో మాది పట్టు చీరల దుకాణం. చీరలకు మగ్గం వర్కు చేయించడానికి ఇచ్ఛాపురంలోని పనివారికి పంపుతాము. మొన్న నలభై వేల రూపాయల విలువ గల చీరలను చలాను రాసి పంపితే దారిలో ఆపి, ఈ-వే బిల్లు లేదని నిలిపివేశారు. యాభై వేల లోపు సరుకుకు ఈ-వే బిల్లు అక్కరలేదు కదా? పైగా అవి అమ్మిన చీరలు కూడా కావు.

జవాబు: సరుకు రవాణాకు ముందు ఆన్‌లైనులో తీసుకునే ఈ-వే బిల్లుకు ఉన్న యాభై వేల హద్దు అమ్మకాలకూ మామూలు రవాణాకూ సరిపోతుంది, మన సరుకును పనివారికి పంపి పని చేయించుకునే జాబ్ వర్కుకు సరిపోదు. ఒక రాష్ట్రంలోని యజమాని మరో రాష్ట్రంలోని పనివారికి సరుకు పంపినప్పుడు, దాని విలువ ఎంతయినా, వెయ్యి రూపాయలదే అయినా, ఈ-వే బిల్లు తీయవలసిందేనని జీఎస్టీ 138వ నియమం చెబుతోంది. మీ పనివారికి జీఎస్టీ నంబరు లేకపోతే ఆ బాధ్యత పూర్తిగా మీదే. అదే పనివారు బరంపురంలోనే ఉండి ఉంటే ఈ ప్రత్యేక నియమం ప్రసక్తే రాదు. పాతిక కిలోమీటర్ల దూరమే కావచ్చు, మధ్యలో హద్దు ఉంది.

మీరు చేతిలోకి తీసుకోవలసిన కాగితాలు రెండు. చలాను మూడు ప్రతులుగా రాయాలి. అందులో చీరల సంఖ్య, విలువ, పనివారి చిరునామాతో పాటు ‘జాబ్ వర్కు నిమిత్తం’ అన్న మాట స్పష్టంగా ఉండాలి. దానితో పాటు ఈ-వే బిల్లులో రవాణా కారణం కింద జాబ్ వర్కునే ఎంచుకోవాలి. ‘సరఫరా’ అని పొరపాటున నొక్కితే చలానుకూ బిల్లుకూ పొంతన కుదరక మళ్ళీ మొదటికే వస్తుంది. పని ముగిసిన చీరలు ఏడాదిలోగా మీ దగ్గరకు తిరిగి రావాలి. రాకపోతే, పంపిన రోజునే మీరు వాటిని అమ్మినట్టుగా చట్టం భావిస్తుంది. ఇచ్ఛాపురం పనివారి ఇంట్లో మూలన పడి ఉన్న పాత చీరలు ఏమైనా ఉంటే ఒకసారి లెక్క చూసుకోండి.

ఇక నిలిపివేసిన సరుకు సంగతి. సరుకు యజమానిగా మీరే ముందుకు వస్తే జీఎస్టీ చట్టం 129వ సెక్షను కింద ఆ సరుకు మీద పడే పన్నుకు రెట్టింపు జరిమానా కట్టి విడిపించుకోవచ్చు. నలభై వేల చీరల మీద 5 శాతం పన్ను అంటే రెండు వేలు, జరిమానా నాలుగు వేలు. నిలిపివేసిన ఏడు రోజుల్లో నోటీసు, నోటీసు అందిన ఏడు రోజుల్లో ఉత్తర్వు రావాలి. జాబ్ వర్కుకు పంపడం అమ్మకం కాదు గనుక అసలు పన్నే పడదని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో బలం లేకపోలేదు. సరుకు ముందు కావాలనుకుంటే కట్టి విడిపించుకుని, ఉత్తర్వు ప్రతి తప్పకుండా అడిగి తీసుకుని, మూడు నెలల్లో అప్పీలు చేయండి. ఉత్తర్వు చేతిలో లేకపోతే అప్పీలు చేయడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

ఇదే విషయం మీద రాసిన మరొక పాఠకునికి కూడా ఇక్కడే జవాబు: ఈ-వే బిల్లు ఉండి, బండి నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పినా, కొనుగోలుదారు పేరులో అక్షర దోషం ఉన్నా అది 129 కిందికి రాదు. 2018 సెప్టెంబరు 14 నాటి 64వ నంబరు సర్క్యులరు ప్రకారం అలాంటివాటికి మొత్తం వెయ్యి రూపాయల జరిమానా చాలు. ఆ సర్క్యులరు నకలు ఒకటి డ్రైవరు దగ్గర ఉంచండి.

ప్రశ్న: రాయగడ దగ్గర మేము అడ్డాకుతో విస్తళ్ళు, దొప్పలు మిషను మీద తయారు చేయిస్తున్నాము. పదిహేను మంది ఆడవాళ్ళు దీని మీద ఆధారపడి ఉన్నారు. విశాఖపట్నంలోని ఒక కేటరింగ్ సంస్థ దఫదఫాలుగా సరుకు తీసుకుని మూడున్నర లక్షలకు పైగా బాకీ పడింది. ఏడాదిన్నర అవుతోంది. ఫోను చేస్తే ‘వచ్చే నెల’ అంటారు. విశాఖ వెళ్ళి కోర్టులో దావా వేసే శక్తి మాకు లేదు.

జవాబు: విశాఖ వెళ్ళనక్కరలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ఇలాంటి బాకీల కోసమే ప్రత్యేక మండలిని ఏర్పాటు చేసింది. కొనుగోలుదారు దేశంలో ఏ మూలన ఉన్నా, సరుకు అమ్మిన చిన్న పరిశ్రమ ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం మండలికే విచారణాధికారం ఉంటుందని 18వ సెక్షను నాలుగో ఉపసెక్షను చెబుతోంది. అంటే ఒడిశా మండలి ముందు మీరు ఆన్‌లైనులో దరఖాస్తు పెడితే, జవాబు చెప్పుకోవలసిన అవసరం విశాఖ సంస్థది.

కొనుగోలుదారుతో రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు అందిన పదిహేను రోజుల్లో, ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా నలభై అయిదు రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆ గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. బాకీదారు మండలి తీర్పును కోర్టులో సవాలు చేయాలన్నా ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. మొదట రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే మధ్యవర్తిత్వం, ఇదీ వరుస. తొంభై రోజుల్లో ముగించాలని చట్టంలో ఉన్న మాట నిజమే కాని, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి. పెద్ద వ్యాపారులు ఈ మండలి నోటీసును తేలికగా తీసుకోకపోవడానికి మరో కారణం ఉంది. గడువులోగా మీకు చెల్లించని సొమ్మును వారు ఆ ఏడాది తమ ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపలేరు. 2024-25 మదింపు సంవత్సరం నుంచి ఈ నియమం అమల్లో ఉంది. దరఖాస్తు పెట్టే ముందు ఈ ఒక్క మాటను మర్యాదగా ఉత్తరంలో రాసి రిజిస్టరు పోస్టులో పంపండి. కొన్ని బాకీలు అక్కడే తీరిపోతాయి.

కాని మీ ఉత్తరంతో పాటు పంపిన, చిన్న సంస్థగా నమోదైనట్టు తెలిపే ఉద్యమ్ సర్టిఫికెట్టు నకలు చూసి కలవరపడ్డాను. అందులో మీ పని ‘టోకు వ్యాపారం’ అని ఉంది. నెట్ సెంటరులో ఎవరో తొందరలో అలా నింపి ఉంటారు. 2021 జులై 2 నుంచి టోకు, చిల్లర వర్తకులకు కూడా ఉద్యమ్ నమోదు ఇస్తున్నారు గాని, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసమే తప్ప బాకీ వసూలు హక్కు కోసం కాదు. మీరు ఆకును కుట్టి, అచ్చు వేసి విస్తరిగా మారుస్తున్నారు కాబట్టి మీరు తయారీదారులే. ఆ వివరాన్ని పోర్టల్‌లో వెంటనే సవరించండి, ఇందుకు రుసుము లేదు. కరెంటు బిల్లు, మిషను కొన్న రసీదు, కూలీల పద్దు వంటివి తయారీకి రుజువుగా జత చేయండి. నమోదుకు ముందు పంపిన సరుకుకు ఈ చట్టం వర్తిస్తుందా లేదా అన్న దాని మీద న్యాయస్థానాల్లో వాదాలు నడిచాయి గనుక, ఇంకా నమోదు చేయించుకోని తయారీదారులు మొదటి బండి కదలక ముందే ఆ పని ముగించుకోవడం క్షేమం.

మరొకటి, కాలపరిమితి. అరువు గడువు ఏదీ అనుకోకుండా ఇచ్చిన సరుకుకు, అది అందిన రోజు నుంచి మూడేళ్ళలోగా దావా వేయాలి. ఆ మూడేళ్ళూ గడవక ముందే బాకీదారు సంతకంతో బాకీని ఒప్పుకుంటూ ఒక్క ముక్క రాసిచ్చినా మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. ఫోనులో అన్న ‘వచ్చే నెల’ దేనికీ పనికిరాదు.

ప్రశ్న: గుణుపురంలో ఎరువుల దుకాణం మాది. పార్వతీపురం వైపు రైతు ఒకరు ఇచ్చిన చెక్కు చెల్లలేదు. అక్కడి కోర్టులో కేసు వేయాలని కొందరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. చెక్కుల చట్టానికి 2015లో వచ్చిన సవరణ తరువాత, మీరు ఆ చెక్కును మీ ఖాతాలో జమకు వేసి ఉంటే, మీ ఖాతా ఉన్న శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో ఆ కోర్టులోనే కేసు వేయాలి. మీ ఖాతా గుణుపురంలో ఉంటే గుణుపురం పరిధిలోని కోర్టే. ఇక్కడ ముఖ్యమైనది స్థలం కంటే తేదీ. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలిపిన ముప్పై రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. అది అందిన పదిహేను రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తరువాతి నెల రోజుల్లో ఫిర్యాదు దాఖలు చేయాలి. బ్యాంకు మెమో మీద అందిన తేదీని వేయించుకోండి. పంట చేతికొచ్చాక ఇస్తానని రైతు బతిమాలితే కాదనడం కష్టమే. ఇవ్వదలచిన గడువును ఆ చెక్కు మీద ఇవ్వకండి, కొత్త తేదీతో మరో చెక్కు తీసుకుని ఇవ్వండి.

ప్రశ్న: జయపురంలో టిఫిన్ దుకాణం నడుపుతున్నాను. ఉన్నట్టుండి నా బ్యాంకు ఖాతా స్తంభించిపోయింది. ఎక్కడో దూరపు రాష్ట్రం సైబర్ పోలీసులు ఆపమన్నారని బ్యాంకువారు అంటున్నారు. నేను ఎవరినీ మోసగించలేదు. పాలవాడికి డబ్బివ్వడానికి కూడా వీలు లేకుండా ఉంది.

జవాబు: క్యూఆర్ కోడ్ పెట్టుకున్న ఏ దుకాణానికైనా ఈ ముప్పు ఉంది. ఎవరి ఖాతా నుంచో దోచిన సొమ్ము చేతులు మారుతూ వచ్చి, చివరకు దానిలో నుంచి ఎవరో మీ దగ్గర రెండు ప్లేట్ల ఇడ్లీ తిని డబ్బు కొట్టి ఉంటారు. బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫిర్యాదు చేసినప్పుడు ఆ సొమ్ము వెళ్ళిన ఖాతాలన్నింటినీ వరుసగా ఆపుతారు. మీరు నిందితులని దాని అర్థం కాదు.

బ్యాంకుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఫిర్యాదు నంబరు, పోలీసు స్టేషను పేరు, దర్యాప్తు అధికారి ఈ-మెయిలు, వివాదంలో ఉన్న సొమ్ము ఎంత అన్న నాలుగు వివరాలు అడగండి. మాటగా చెప్పి పంపేస్తే ఒప్పుకోకండి, దరఖాస్తు నకలు మీద ముద్ర వేయించుకోండి. అదే దరఖాస్తులో వివాదపు సొమ్మును మాత్రమే నిలిపి, మిగతా ఖాతాను వదలమని కోరండి. కొద్ది సొమ్ము కోసం మొత్తం ఖాతాను ఆపడం సమంజసం కాదని కేరళ వంటి హైకోర్టులు ఇలాంటి వ్యవహారాల్లో ఖాతాదారులకు ఊరటనిచ్చాయి. ఆ తరువాత దర్యాప్తు అధికారికి దుకాణం ఫోటో, ట్రేడ్ లైసెన్సు, ఆ రోజు యూపీఐ జమల పట్టిక, కెమెరా ఉంటే ఆ సమయపు దృశ్యం జతచేసి ఈ-మెయిలు పంపండి. దీనికోసం అంత దూరం ప్రయాణం కట్టనక్కరలేదు. అప్పటికీ కదలిక లేకపోతే, క్రిమినల్ కేసుల విధానాన్ని నిర్ణయించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షను కింద సంబంధిత మేజిస్ట్రేటును ఆశ్రయించడమో, హైకోర్టులో రిట్ వేయడమో మిగులుతుంది. దానికి మాత్రం వకీలు కావాలి.

ఈ మధ్యలో ‘మీ ఖాతా విడిపిస్తాము, కొంత పంపండి’ అంటూ పోలీసు పేరుతో ఎవరైనా ఫోను చేస్తే ఒక్క పైసా ఇవ్వకండి. ఇలాంటి అవస్థలో ఉన్నవారిని వెతికి పట్టుకునే మోసగాళ్ళు వేరే ఉన్నారు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, దుకాణం రాబడి అన్నీ ఒకే సేవింగ్స్ ఖాతాలో నడుపుతున్నట్టు మీరు రాశారు. ఇది విడిపోయిన వెంటనే దుకాణం పేరిట కరెంటు ఖాతా తెరిచి, క్యూఆర్ కోడ్‌ను దానికి మార్చి, రోజూ రాత్రి దుకాణం కట్టేసే ముందు రాబడిని ఇంటి ఖాతాకు పంపుకోండి.

ప్రశ్న: బరంపురంలో నా దుకాణం బోర్డు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఒడియాలో రాయాలని మునిసిపల్ సిబ్బంది చెప్పి వెళ్ళారు. తెలుగు తీసేయాలా?

జవాబు: తీసేయనక్కరలేదు. దుకాణాల బోర్డుల మీద ఒడియా ఉండి తీరాలన్న నియమం ఒడిశాలో 2018 నుంచి ఉంది. అది ఒడియాను చేర్చమంటోంది గాని ఇతర భాషలను నిషేధించలేదు. ఒడియా పేరును పైన, స్పష్టంగా కనిపించే అక్షరాలతో రాయించి, దాని కింద తెలుగును ఉంచుకోండి.